నాన్న ఎక్కాల్సిన పడవ

మా ఊళ్ళో పెళ్ళయిన మగవాళ్ళది ఎర్ర పడవ. పెళ్ళికానివాళ్ళది నీలం పడవ. ఆగస్టు చివర్లో సెయింట్ లూయీ పండగకి ఫ్రాన్సు దక్షిణ తీరాన ఉన్న మా సెత్ ఊరి కాలువలో ఆ రెండూ ఎదురెదురుగా వస్తాయి. ఒక్కో పడవ వెనకాల ఏటవాలుగా పైకి లేచిన నిచ్చెన, దాని కొసన ఒక మనిషి నిలబడేంత పీట. ఆ పీట మీద తెల్ల బట్టలు వేసుకున్న మనిషి ఒక చేత్తో డాలు, ఇంకో చేత్తో పొడుగాటి బల్లెం పట్టుకుని ఉంటాడు. పడవలు ఒరుసుకుంటూ పోయే క్షణంలో ఒకరి డాలుని ఒకరు పొడుస్తారు. నిలిచినవాడు గెలిచినట్టు, పడ్డవాడు కాలువ నీళ్ళు తాగినట్టు. మాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ ఇంతకంటే పెద్ద విషయం లేదు. పెళ్ళిళ్ళు కూడా ఆ వారం తప్పించి పెట్టుకుంటాం.

మరి పెళ్ళాం పోయినవాడు ఏ పడవెక్కాలి? 1964 వేసవిలో ఊరంతటికీ అదే చర్చ. ఆ పెళ్ళాం పోయినవాడు మా నాన్న ఒనోరె.

అప్పటికి అమ్మ పోయి రెండు చలికాలాలు గడిచాయి. మొదటి వేసవి నాన్న బల్లెం ముట్టలేదు, ఎవరూ ముట్టమనలేదు. డాలు వంటింటి తలుపు వెనక మేకుకి వేలాడుతూ ఉండేది. దాని పక్కనే అమ్మ తువ్వాలు. ఎర్ర పడవవాళ్ళు పడితే రేవు మెట్ల మీద తువ్వాలు పట్టుకుని నిలబడాల్సింది వాళ్ళ పెళ్ళాలే. ఇరవై ఏళ్ళలో నాన్న పడ్డది నాలుగుసార్లు. అయినా అమ్మ ఏ ఏడూ తువ్వాలు లేకుండా వెళ్ళలేదు. నీలం పడవవాళ్ళకి ఆ భోగం లేదు, తల్లి వస్తే వచ్చినట్టు, లేకపోతే ఎండకి ఆరాల్సిందే.

నాకు పందొమ్మిదేళ్ళు. అమ్మమ్మ ఫిలొమెనతో కలిసి మార్కెట్లో తియెల్‌లు అమ్మేదాన్ని. రొట్టెపిండి రెండు బిళ్ళలుగా ఒత్తి, మధ్యన ఆక్టోపస్ ముక్కలు, టమాటా, ఉల్లిపాయ, మిరప కలిపి వండిన కూర పెట్టి, అంచులు నొక్కి కాల్చాలి. అంచు నొక్కడం ఒక్కో ఇంటికి ఒక్కో తీరు. అమ్మ బొటనవేలితో చిన్నచిన్న మడతలు పెట్టేది. అమ్మ పోయాక ఆ మడతలు నా చేతికొచ్చాయి. వాటిని చూసి కొనేవాళ్ళు అమ్మ పేరు తలుచుకుని "జెమ్మా చెయ్యే" అంటుంటే నాకు కడుపు నిండేది. అమ్మ ఇంకా ఇంట్లో ఉన్నట్టూ, ఆ ఉండడానికి కారణం నేనే అయినట్టూ ఉండేది.

పండగ పెద్ద అన్సెల్మ్ తాత. డెబ్బై రెండేళ్ళు. ఏ పడవలో ఎవరు అన్నది ఆయన నోటుపుస్తకంలో ఉంటే ఉన్నట్టు. రోజూ పదింటికి మా కొట్టు ముందు నిలబడి వేడివేడి తియెల్ తినేవాడు.

"ఒనోరెది ఎర్ర పడవే," అన్నాడు ఒకరోజు, నోటినిండా పెట్టుకుని. "మనిషి పోతే మాత్రం పెళ్ళి పోతుందా?"

ఎదురు కొట్టులో చేపలు కోస్తున్న జోయె కత్తి ఆపింది. "అంటే నువ్వు పోయాక కూడా మీ ఆవిడ నిన్ను భరించాలా తాతా? పాపం, ఆవిడకి చెప్పావా ఈ మాట?"

చుట్టుపక్కల కొట్లన్నీ నవ్వాయి. అన్సెల్మ్ తాత గడ్డానికంటిన టమాటా తుడుచుకున్నాడు.

"నవ్వండి, నవ్వండి. నలభై ఎనిమిదేళ్ళవాడు మీసం మొలవని కుర్రాళ్ళ మధ్య కూర్చుంటే ఎవరు నవ్వుతారో చూద్దాం. ఏమే రొజీన్, మీ నాన్నకి చెప్పు. ఆగస్టు పదిహేను, మరియమాత పండగలోగా పేరు రాయించాలి. ఏ రంగు రాయిస్తే ఆ రంగే. ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా కొట్టెయ్యను."

అమ్మమ్మ ఆక్టోపస్‌ని రాతి మీద వేసి మెత్తబడేదాకా బాదుతూనే ఉంది.

నాన్న రంగు సంగతి ఊరికి ఎందుకంత వేడిగా ఉందో నాకు తెలుసు. కారణం సొలాంజ్. కొండ వెనకాల ఉప్పు సరస్సు ఉంది, దాని అవతలి ఒడ్డున ఆల్చిప్పలు పెంచుతుంది. నలభై దాటింది, పెళ్ళి చేసుకోలేదు. తండ్రి పోయాక ఆ పనంతా ఒంటిచేత్తో చేసుకొస్తోంది. పిల్ల ఆల్చిప్పల్ని సిమెంటుతో తాళ్ళకి అంటించి నీళ్ళలో వేలాడదీస్తారు కదా, ఎప్పుడు చూసినా ఆవిడ వేళ్ళ సందుల్లో బూడిదరంగు సిమెంటు ఉండేది. వసంతం నుంచీ మంగళవారం మంగళవారం మా ఇంటికి ఒక బుట్టెడు ఆల్చిప్పలు తెచ్చేది. మంగళవారం మంగళవారం మా నాన్న గడ్డం గీసుకునేవాడు. వేటకెళ్ళిన ట్రాలర్ దిగి వచ్చి, చేపల వాసన పోయేదాకా మెడ ఎర్రబడేలా రుద్దుకునేవాడు. ఇంకా ఎవరైనా నాకు విడమరిచి చెప్పాలా?

ఆవిడ చెడ్డది కాదు. అదే నా బాధ. చెడ్డదైతే తిట్టుకోవడానికైనా ఉండేది. ఆల్చిప్ప తెరిచి, నిమ్మకాయ పిండి, ముందు అమ్మమ్మకిచ్చి, తర్వాత నాకిచ్చి, ఆఖరున నాన్నకిచ్చేది. అమ్మ కుర్చీలో ఒక్కనాడూ కూర్చోలేదు, నిలబడే తినేది. నేను మాత్రం ముఖం మాడ్చుకుని, "మీకు పొద్దుపోతుందేమో" అనేదాన్ని.

జులై చివర్లో ఒక మధ్యాహ్నం, ఎండకి ఊరంతా కిటికీ రెక్కలు మూసుకుని పడుకున్న వేళ, మా వెనక గుమ్మం దగ్గర మాటలు వినబడ్డాయి. కిటికీ రెక్కల వెనకే నేనున్నాను.

"నేను నిన్నేమీ అడగను ఒనోరె," అంటోంది సొలాంజ్. "అడిగించుకుని చెప్పే జవాబు నాకొద్దు. పండగరోజు వంతెన దగ్గర మెట్ల మీద నిలబడతాను. నువ్వు ఏ పడవెక్కుతావో చూస్తాను. ఎర్రదెక్కావనుకో, తప్పులేదు, ఇరవై ఏళ్ళు కాపురం చేసినవాడివి. నాకు జవాబొచ్చినట్టే. మా అన్న మారెన్‌కి రమ్మంటున్నాడు, అట్లాంటిక్ సముద్రం వైపు. అక్కడా ఆల్చిప్పలే. వెళ్ళిపోతాను."

నాన్న, "ఈ ఎండలో టోపీ లేకుండా వచ్చావేంటి?" అన్నాడు.

అంతే. ఆయనకి అంతకంటే మాటలు రావు. కానీ ఆ ఒక్క మాట చాలు నాకు. అమ్మతో కూడా సరిగ్గా అలాగే మాట్లాడేవాడు.

మరియమాత పండగకి రెండు రోజుల ముందు, చేపలు బాగా పడుతున్నాయని ట్రాలర్లు పొద్దుపోయేదాకా ఒడ్డుకి రావడం లేదు. తెల్లారి బయల్దేరుతూ నాన్న గుమ్మంలో కూర్చున్నాడు.

"రొజీన్, అన్సెల్మ్ తాత దగ్గరకెళ్ళి నా పేరు రాయించమ్మా."

"ఏ పడవ నాన్నా?" తెలిసే అడిగాను.

బూటు లేసు మొత్తం ఊడదీసి, ఒక్కో చిల్లులోంచీ మళ్ళీ ఎక్కించాడు. "నీలం," అన్నాడు. "నీకేమైనా కష్టంగా ఉంటే ఇప్పుడే చెప్పు. మానేస్తాను."

"నాకేం కష్టం?" అన్నాను.

అలా అన్న నోటితోనే సాయంత్రం కాఫీ హోటల్ ముందు, గుడ్డ పందిరి కింద కూర్చున్న అన్సెల్మ్ తాత దగ్గరకి వెళ్ళి "ఎరుపు" అన్నాను.

దారంతా వేరేలా ఏమీ అనుకోలేదు. నీలమనే చెబుదామని బయల్దేరాను. ఆయన పుస్తకం తెరిచాడు. పాత పేజీలో, అమ్మ బతికుండగా రాసిన "ఒనోరె, ఎరుపు" కనబడింది. నోరు దానంతటదే ఆ మాట అనేసింది.

"అదీ! నేను చెప్పలేదూ?" అని ఆయన తొడ చరిచాడు. "మీ అమ్మ పేరు నిలబెట్టారే మీరిద్దరూ." నాకు పుదీనా షర్బత్ తెప్పించాడు. తాగాను.

ఆ వారమంతా నాన్న ఈల వేసుకుంటూ తిరిగాడు. నాన్న ఈల వేస్తాడన్న సంగతే మర్చిపోయాను నేను. తలుపు వెనక డాలు దించి తుడిచాడు. రొట్టెముక్కకి వెల్లుల్లి రుద్దుకుని, దాని మీద సార్డీన్ చేప పెట్టుకుని, నిలబడే తిని, "ఇంకోటుందా?" అని అడిగాడు. రెండేళ్ళుగా మా ఇంట్లో ఎవరూ రెండోసారి అడిగి తినలేదు.

పండగకి నాలుగు రోజులుందనగా అమ్మమ్మ వెనక గుమ్మంలో కూర్చుని నాన్న గడ్డిటోపీకి రిబ్బను కుడుతోంది. ఊరేగింపులో ఏ పడవవాళ్ళు ఆ రంగు రిబ్బను పెట్టుకుంటారు. పాత ఎర్ర రిబ్బను ఊడదీసి ఒడిలో మడిచి పెట్టుకుంది. కుట్టేది నీలం.

"నీకెలా తెలుసు?" అన్నాను.

"ఏం తెలియడం? మీ నాన్న ముందు నా దగ్గరకే వచ్చాడు. వంటింట్లో నిలబడి, 'అత్తయ్యా, మీరు వద్దంటే మానేస్తాను' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఉల్లిపాయలు కొయ్యమన్నాను." దారం పళ్ళతో కొరికింది. "ఊరికే ఏడవమంటే మగాడు ఏడవడు. ఉల్లిపాయలు కోస్తూ ఏడ్చాడు, శుభ్రంగా. రెండేళ్ళయింది ఆ మనిషి ఏడ్చి."

"నీకు బాధగా లేదా అమ్మమ్మా?"

అమ్మమ్మ సూది ఆపి నావైపు చూసింది. "అది నా కడుపున పుట్టింది. నువ్వు దాని కడుపున పుట్టావు. ఎవరి బాధ ఎక్కువో తూకం వేసుకుందామా? జెమ్మాని నేను ఎక్కడ పెట్టుకోవాలో అక్కడ పెట్టుకున్నాను. పడవలో పెట్టలేదు. పడవలో పెట్టుకుంటే మీ నాన్న ఎలా నిలబడతాడే?"

ఆ మాటకి నాకు తల కొట్టేసినట్టయింది. అక్కడే కలుపుతున్న తియెల్ పిండి అలాగే వదిలేసి అన్సెల్మ్ తాత దగ్గరకి పరిగెత్తాను.

"తాతా, రంగు తప్పు చెప్పాను. నాన్న నీలమన్నాడు."

ఆయన పుస్తకం మూసి దాని మీద చెయ్యి పెట్టాడు. "మరియమాత పండగ వెళ్ళిపోయింది. ఒక్కరికి కొట్టేస్తే రేపు నలభైమంది వస్తారు. అయినా నీ మేలు కోరి చెప్తున్నాను రొజీన్, మంచి పనే చేశావు. మీ నాన్న పరువు నిలబడింది. ఇక నోరు మూసుకో."

మూసుకున్నాను. నాన్నకి చెప్పడానికి నాకు నాలుగు రోజులున్నాయి. నాలుగు రోజులూ చెప్పలేదు. పొద్దున చెబుదామనుకుంటే సాయంత్రం, సాయంత్రమైతే పొద్దున. ఈలపాట వింటూ ఆ మాట ఎలా చెప్పమంటారు? పిరికిదాన్ని, అంతే. ఇందులో వేరే గొప్ప కారణమేమీ లేదు.

పండగరోజు ఎండ చురచురలాడింది. పన్నెండింటికే మాంసం చుట్టలు వేసి వండిన మాకరోనీ తినేసి అందరం కాలువకి బయల్దేరాం. రెండు గట్లూ జనం. కిటికీల్లో జనం, వంతెన మీద జనం. పడవల ముందు భాగంలో సన్నాయి, డోలు మొదలయ్యాయి. నాన్న నీలం రిబ్బను టోపీ పెట్టుకుని ఊరేగింపులో కుర్రాళ్ళతో కలిసి నడిచాడు. కొందరు వేలెత్తి చూపించారు. "ఒనోరెకి మళ్ళీ పద్దెనిమిదేళ్ళొచ్చాయిరోయ్!" అని ఎవరో అరిచారు. నాన్న చెవుల దాకా ఎర్రబడి, నవ్వి, చెయ్యి ఊపాడు.

నేను తువ్వాలు పట్టుకుని అమ్మమ్మ పక్కన మెట్ల పైన నిలబడ్డాను. వంతెన వైపు మెట్ల మీద సొలాంజ్ ఉంది. ఉతికిన తెల్ల గౌను, పక్కన ఆల్చిప్పల బుట్ట. బుట్ట లేకుండా వస్తే దేనికొచ్చిందో అందరికీ తెలిసిపోతుందని తెచ్చుకుని ఉంటుంది.

అన్సెల్మ్ తాత మైకు గొట్టం నోటి దగ్గర పెట్టుకుని పేర్లు చదవడం మొదలుపెట్టాడు.

"ఎర్ర పడవ. మూడో పేరు, ఒనోరె!"

గట్ల మీద చప్పట్లు మోగాయి. ముసలమ్మలైతే కళ్ళు తుడుచుకున్నారు కూడా. నీలం పడవలో ఒక కాలు పెట్టబోతున్న నాన్న ఆగిపోయాడు. అన్సెల్మ్ తాత వైపు చూడలేదు. తిన్నగా నావైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

మెట్లెక్కి నా దగ్గరకొచ్చాడు. టోపీ తీసి నా తల మీద పెట్టాడు.

"ఎండగా ఉంది, పెట్టుకో," అని చెప్పి, వెనక్కి వెళ్ళి ఎర్ర పడవెక్కాడు.

వందలమంది ముందు "ఇది మా అమ్మాయి చేసిన పని" అనాల్సి వస్తుందని ఎక్కాడు. ఆ సంగతి నాకు ఇప్పుడు కాదు, అప్పుడే తెలుసు. అమ్మమ్మ నా తల మీది నీలం రిబ్బను చూసింది, నా ముఖం చూసింది. వంతెన దగ్గర సొలాంజ్ వంగి బుట్ట అందుకుంది. కానీ జనం ఎంత దట్టంగా ఉన్నారంటే, కదలడానికి సందు దొరకలేదు. బుట్ట మోచేతికి తగిలించుకుని, కాలువ వైపు వీపు పెట్టి నిలబడింది.

మూడో జతలో నాన్నకి ఎదురొచ్చింది తొనిన్, రొట్టెల భట్టీ వాళ్ళబ్బాయి. నీలం పడవ. వాడికి పీట మీద నిలబడటం నేర్పిందే మా నాన్న. తెడ్లు ఊపందుకున్నాయి, డోలు జోరెక్కింది. ఆ దెబ్బ తగిలిన క్షణంలో నాన్న కాలు ఎలా పెట్టాడో, బల్లెం ఎలా పట్టాడో నన్నడిగితే చెప్పలేను. నేను సొలాంజ్ వీపు చూస్తున్నాను. 'ఓ' అని జనం అరిచాక తిరిగి చూస్తే పీట ఖాళీగా ఉంది, కాలువలో నురగ ఉంది.

మొదటి పోటీలోనే పడటం నాన్నకి ఎప్పుడూ లేదు.

నీళ్ళ పైకి తేలాడు. ఎర్ర పడవవాళ్ళు తెడ్డు చాపారు. పడ్డవాడు తన పడవకే ఈదాలి, చిన్నపిల్లలకి కూడా తెలుసు. నాన్న ఆ తెడ్డు వైపు చూసి, దాన్ని దాటేసి, తీరిగ్గా బారలు వేసుకుంటూ నీలం పడవ దగ్గరకి ఈదాడు. అంచు పట్టుకున్నాడు. కుర్రాళ్ళు ఒక్క క్షణం ఏం చెయ్యాలో తెలియక చూసి, చంకల కింద చేతులు వేసి లాగారు. తడి బట్టలతో బల్ల మీద చతికిలబడ్డాడు.

రెండు గట్లూ ఒక్కసారిగా నవ్వాయి. మైకు గొట్టంలో అన్సెల్మ్ తాత గొంతు చీరుకుపోయింది. "ఒనోరే! కళ్ళలోకి ఉప్పునీళ్ళు పోయాయా? నీ పడవ అది కాదు!"

నాన్న జుట్టులోని నీళ్ళు పిండుకున్నాడు. "నాకిక్కడే బాగుంది తాతా," అన్నాడు.

నవ్వు ఇంకా పెద్దదైంది. పండగ సరదా అనుకున్నారు. ఎన్నో ఏళ్ళు ఆ కథ చెప్పుకుని నవ్వుకున్నారు కూడా. సొలాంజ్ మాత్రం కాలువ వైపు తిరిగింది. నీలం పడవలో కుర్రాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చున్న మా నాన్నని చూసింది.

"తువ్వాలు పట్టుకెళ్ళు," అంది అమ్మమ్మ.

"ఏ మెట్ల దగ్గరకి?" అన్నాను. పిచ్చి ప్రశ్న.

"ఎవరికియ్యాలో తెలియనంత చిన్నదానివా?"

జనాన్ని తోసుకుంటూ వెళ్ళాను. సొలాంజ్ ముందు నిలబడేసరికి ఊపిరాడటం లేదు.

"నాన్న నీలమనే చెప్పి పంపాడు," అన్నాను. "ఎరుపు రాయించింది నేను. ఆ రోజు మీ మాటలు విని, కావాలనే రాయించాను."

ఎందుకని ఆవిడ అడగలేదు. నా చేతుల వైపు చూసి, "అంత గట్టిగా మెలితిప్పకు, చిరుగుతుంది," అంది. అప్పటిదాకా నేను తువ్వాలు పిండుతున్నానని నాకే తెలియదు. "ఇలా ఇయ్యి. ఇది పట్టుకో."

ఆల్చిప్పల బుట్ట నా చేతికిచ్చింది. చాలా బరువుగా ఉంది. ఆవిడ తువ్వాలు తీసుకుని, తెల్ల గౌను తడుస్తున్నా ఎత్తి పట్టుకోకుండా, నీళ్ళు తగిలే ఆఖరి మెట్టు దాకా దిగింది. నీలం పడవ ఒడ్డుకి ఆనుతోంది. తొనిన్ ఏదో హాస్యమాడబోయి ఆవిడ ముఖం చూసి ఊరుకున్నాడు. నాన్న తల వంచాడు. ఆవిడ ఆ తల తుడిచింది, ముందు చెవులు, తర్వాత మెడ. అమ్మ ముందు ముఖం తుడిచేది. నేను గమనించాను. గమనించి ఊరుకున్నాను.

ఇంటికొచ్చాక నాన్న నన్ను ఒక్క మాటా అనలేదు. కావాలని పడ్డావా అని నేనూ అడగలేదు. ఆ సాయంత్రం ఆల్చిప్పలు తిన్నాం. అమ్మమ్మ లేచి వెళ్ళి అమ్మ కుర్చీ తెచ్చి, "నిలబడి తింటే నాకు అరగదు, కూర్చో," అంది సొలాంజ్‌తో.

మరుసటి ఏడు మరియమాత పండగకి ముందు మళ్ళీ నేనే కాఫీ హోటల్‌కి వెళ్ళాను. అన్సెల్మ్ తాత పుస్తకం తెరిచి, కలం ఎత్తి, కళ్ళజోడు పైనుంచి నావైపు అనుమానంగా చూశాడు.

"ఏ రంగు?"

"ఎరుపు."

"ఖాయమేనా?"

"ఖాయమే తాతా," అన్నాను. "ఈసారి నాన్న చెప్పిన రంగే."